రెండు చీటీల మీద ఒకే పేరు

మోకాలు మార్చాల్సిందేనని ఇద్దరు డాక్టర్లూ చెప్పారు. ఆ మాటకు జీవమ్మ అంతగా బెదరలేదు. కాలు ఎవరి చేతికి అప్పగించాలన్న దగ్గరే ఆమెకు గుండెదడ పట్టుకుంది. బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు నాపరాళ్లు ఎత్తి దించిన మనిషి. పగిలిన బండ ఇక ఎందుకూ పనికిరాదని ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

కర్నూలులో శ్రీనివాసులు డాక్టరు ఎక్స్‌రే చూసి, మూడో రోజుకల్లా నడిపిస్తానని నవ్వాడు. మోకరించి ప్రార్థన చేసుకోవచ్చా అని అడిగితే అన్నీ చేసుకోవచ్చన్నాడు. ఆ ఊళ్లోనే పాతపేట సందులో ఉన్న దస్తగిరి డాక్టరు నవ్వనే లేదు. మోకాలు వంచి చూశాడు, నడిపించి చూశాడు, చివరికి చెప్పులు విప్పించి కాలివేళ్ల సందులు కూడా చూశాడు. అక్కడ పుండు ఉంది. రోజంతా నీళ్లలో నానే ఫ్యాక్టరీ కాళ్లకు అది మామూలే. ముందు ఇది పూర్తిగా మానాలి, లేకపోతే చీము కొత్త కీలులోకి దిగి కాలికే ముప్పు తెస్తుందన్నాడు. మోకరించడం కూడా కష్టమేనని మొహం మీదే చెప్పేశాడు.

దేవుని ముందు కుర్చీలో కూర్చునేంత గొప్పదాన్నయ్యానా అని జీవమ్మకు ఒళ్లు మండింది. ఆమె మొగుడు ప్రేమయ్య ఏనాడూ మోకరించిన మనిషి కాదు. చర్చిలో వెనక గోడకు ఆనుకుని నిలబడితే ఆమెన్ దాకా కదలడు. ఆ ఇంటి మోకాళ్ల మొక్కుబడి అంతా ఆమెదే.

ఎటూ తేలని సంగతికి వాళ్ల సంఘంలో చీట్లు వేస్తారు. పేర్లు రాసి, మడిచి బైబిల్లో పెడితే, ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు ప్రార్థన చేసి ఒకటి తీస్తాడు. వచ్చిందే దేవుని మాట, ఇక తిరుగు లేదు. ప్రేమయ్యకు చదువు రాదు కాబట్టి రాసే పని జీవమ్మకే పడింది. ఆ మహాతల్లి రెండింటి మీదా శ్రీనివాసులు పేరే రాసింది.

నెహెమ్యా పాస్టరు చీటీ తీసి చదివి ప్రేమయ్య చేతిలో పెట్టాడు. అందరూ స్తోత్రం అన్నారు.

అప్పటినుంచి జీవమ్మకు కంటిమీద కునుకు లేదు. కత్తి భయం సరే, దేవుణ్ణి మోసం చేశానన్న భయం అంతకంటే పెద్దది. కాలిలో ఏ చిన్న పోటు వచ్చినా శిక్ష మొదలైందనుకునేది. ఆపరేషన్ వాయిదా వేస్తాడేమోనని శ్రీనివాసులు డాక్టరుకు పుండు సంగతే చెప్పలేదు. పసుపు అద్ది, గుడ్డ చుట్టి, మేజోడు తొడిగింది. బుధవారం పొద్దున విప్పి చూస్తే గుడ్డంతా చీము. గబగబా మేజోడు మళ్లీ తొడిగేసింది.

గురువారం ఆసుపత్రిలో చేరాలి. కర్నూలు బస్టాండులో దిగి నాలుగడుగులు వేసేసరికి ఆమె ప్రేమయ్య చెయ్యి పట్టి ఆపింది. అక్కడే సిమెంటు బెంచీ మీద కూలబడింది.

"నేనొక తప్పు చేసినా. రెండు చీట్లకూ ఒకే పేరు రాసినా. దేవుడేం చెప్పల్యా, అంతా నేనే చెప్పినా. నాకు శానా భయంగా ఉండాది," అంది.

ప్రేమయ్య కోప్పడలేదు. చొక్కా జేబులోంచి రెండు చీటీలు తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. రెండోది ఆదివారమే బైబిల్లోంచి తీసుకున్నాడట.

"నాకు చదువు రాదు గానీ, రెండూ ఒకే తీరుగా ఉండాయని కండ్లకు కనపడదా? నువ్వే చెప్తావని చూస్తాండా. చెప్పకుండానే ఆ మంచమెక్కుతావేమోనని నాలుగు దినాలాయ, నాకు ముద్ద దిగల్యా."

జీవమ్మ మేజోడు లాగి పుండు చూపించింది. ప్రేమయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. వెంటనే లేచి, దస్తగిరి డాక్టరు దగ్గరికని ఆటో పిలిచాడు.

ఆటో ఎక్కబోతూ ఆమె కమ్మీ పట్టుకుని ఆగిపోయింది. మోకాళ్లూనకుండా ఇక తన ప్రార్థన ఎవరు వింటారని చిన్నపిల్లలా ఏడ్చింది.

ప్రేమయ్య ఆమె చంక కింద చెయ్యి వేసి మెల్లగా పైకెక్కించాడు.

"మోకాళ్లు నేనూంతాలే. నువ్వు పక్కన కుర్చీ ఏసుకోని, ఏం చెప్పల్లనో చెప్పు," అన్నాడు.