పూటకు మూడు గుక్కలు

ఎండలు ముదిరేసరికి మారెక్క కళ్లు పచ్చబడ్డాయి. ఎముకల్లో నొప్పులని ఆరేళ్ల పిల్ల గోడకానుకుని మూలుగుతుంటే, సుంకలమ్మ కనురెప్ప లాగి చూసి కామెర్లేనని తేల్చేసింది. కుందుర్పి నాటువైద్యుడు లింగప్ప వచ్చి ఆకుపసరు పోశాడు. దానికి పథ్యం తొమ్మిది దినాలు. ఉప్పు ముట్టకూడదు. నీళ్లు పూటకు మూడు గుక్కలే.

మారెక్క తల్లి తిమ్మక్కకు సుంకలమ్మ అత్త. అమ్మను కన్న అవ్వ కూడా ఆమే. అమ్మ తమ్ముడు ఓబుళేసునే చేసుకుంది కాబట్టి, అత్త మీద అవ్వకు చెప్పుకుందామన్నా ఇంట్లో ఉన్నది ఒకే ముసలమ్మ.

మూడేళ్ల కిందట కొడుకు ఎర్రన్నకూ ఇదే పథ్యం. అప్పుడు నీళ్లకుండకు కాపలా కూర్చున్నది తిమ్మక్కే. ఐదో దినం పిల్లవాడు పోయాడు. ఎవరో దొంగచాటుగా నీళ్లు తాపి ఉంటారన్నాడు లింగప్ప. తాపలేదని తిమ్మక్క ఒట్టు పెట్టింది. ఆ దినం రాని ఏడుపు మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఈసారి పసరు పోసిన మర్నాడే, సుంకలమ్మ లేవకముందే, మొగుడూ పెళ్లాలు పిల్లను ఎత్తుకుని అనంతపురం బస్సెక్కారు. ఆసుపత్రిలో డాక్టరు పిల్ల వేలు పొడిచి, నెత్తురుబొట్టు గాజుపలక మీద పెట్టి, సాయంత్రం రమ్మన్నాడు. వచ్చాక మైక్రోస్కోపులో చూడమన్నాడు.

"కొడవళ్ల మాదిరి ఉండాయి సార్," అంది తిమ్మక్క.

"జబ్బు పేరు కూడా అదే తల్లీ. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు ఇట్లా వంగి, సన్న నాళాల్లో ఇరుక్కుంటాయి. ఇరుక్కున్నచోట నొప్పి. తొందరగా చచ్చిపోతాయి కూడా. అందుకే రక్తం తక్కువ, కళ్లు పసుపు."

"యాడ అంటుకున్యాది సార్?" అన్నాడు ఓబుళేసు.

"అంటుకునేది కాదప్పా. మీ ఇద్దరి రక్తంలోనూ సగం సగం ఉండాది. సగమే కాబట్టి మీకేమీ కాలేదు. బిడ్డకు రెండు సగాలూ చేరినాయి. పెండ్లికి ముందు ఈమె నీకేమయ్యేది?"

"అక్క కూతురు సార్."

డాక్టరు తలాడించాడు. "పోగొట్టే మందు లేదు. జ్వరమొస్తే ఆలస్యం చేయొద్దు. నీళ్లు బాగా తాపండి. ఒంట్లో నీళ్లు తగ్గితే ఇవి ఇంకా వంగుతాయి."

"నీళ్లు ఆపితే సార్?"

"ఈ ఎండల్లో బిడ్డకు నీళ్లు ఎవరాపుతారమ్మా?"

"ఎవరూ ఆపరు సార్," అంది తిమ్మక్క. బస్సులో ఓబుళేసు ఒకసారి ఆమె వైపు చూసి, మిగతా దారంతా కిటికీలోంచి చూశాడు.

ఇంట్లో సుంకలమ్మ కుండ పక్కనే కూర్చుని ఉంది. "యాడికి పోయినారే చెప్పకుండా?"

"బిడ్డకు నీళ్లు తాపమన్నాడవ్వా డాక్టరు."

"ఆయప్పకేం తెలుసు? నీళ్లు తాపితే పసరు విరిగిపోతాది."

"ఎర్రన్నకు ఆపినాం కదా."

"ఆపినాం కాబట్టే ఐదు దినాలన్నా ఉన్యాడు!"

తిమ్మక్కకు కోపం రాలేదు. వస్తే బాగుండుననుకుంది. కుండమూత మీదున్న ముసలిచేతిని తీసి పక్కన పెట్టింది, గిన్నె తీసి పెట్టినట్టు.

"బిడ్డకేమన్నా అయితే పాపం నీదేనే!"

"నాదేలే అవ్వా. ఎర్రన్నది కూడా నాదే."

మారెక్క అవ్వ మొహం చూస్తూ చూస్తూనే చెంబు ఖాళీ చేసింది. తిమ్మక్క మళ్లీ ముంచింది. మూడో చెంబుకు కుండ అడుగు గీరుకుంది.

ఓబుళేసు లేచి, బిందె భుజాన పెట్టుకుని, చేదతాడు తీసుకున్నాడు.

"మగోడివి, నువ్వు నీళ్లకు పోతావేందిరా? ఊరు నవ్వుతాది!" అంది సుంకలమ్మ.

అతను బావి దారి పట్టాడు.