ఎనిమిది రౌండ్లకు తొమ్మిది గాజులు

అత్తిబెలె చెక్‌పోస్టు దగ్గర ఆరడుగుల లారీ డ్రైవర్ను ఒంటి చేత్తో కింద పడేసిన మగాడు బెంగళూరు బళేపేట మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. ఈ మాట బళేపేట అనదు, సొన్నప్పే అంటాడు. గాజుల దుకాణానికి వచ్చిన ఆడవాళ్ల చేతులు నొక్కి, మణికట్టు దాకా గాజులెక్కిస్తూ అంటాడు. చెయ్యి ఆయన చేతిలో ఇరుక్కుని ఉంటుంది కాబట్టి వినక తప్పదు.

అంతటి యోధుడు ఆ ఆదివారం మనవడు హరీశ్‌కు పెళ్లిచూపులని భయపడుతూ బయలుదేరాడు. భయానికి కారణం ఉంది. హరీశ్ ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తాడు, బాక్సింగ్ పిచ్చోడు. పిల్ల సహన, పక్క సందులో ఇనుప సామాన్ల అంగడి అమరనాథ్ కూతురు. అంగడి పక్కనే గానీ వాళ్లిల్లు ఊరికి ఆ చివర. ఆమె బాక్సింగ్ చూడడమే కాదు, గ్లవ్స్ తొడుక్కుని గుద్దుతుంది కూడా. ముందు రోజు సాయంత్రమే ఊళ్లో గణేశ్‌కూ తిరుపాలుకూ బాక్సింగ్ పోటీ జరిగింది. ఎనిమిది రౌండ్లు. ఇద్దరు జడ్జీలు గణేశ్ అన్నారు, ఒకరు తిరుపాలు అన్నారు. ఊరు రెండుగా చీలింది.

"ఆ పాప తిరుపాలు పార్టీ అంట. ఏం చెప్పినా ఊ కొట్టు నాయనా. నీ గణేశ్‌ను ఆటోలోనే వదిలేసి రా," అని సొన్నప్ప దారి పొడుగునా బతిమాలాడు. హరీశ్ ఊ కూడా కొట్టలేదు.

సహన ఫోటో చూసినప్పటి నుంచీ వాడు రోజూ గడ్డం గీసుకుంటున్నాడు. ఈ సంబంధం తప్పిపోతే వాడు మళ్లీ గడ్డం పెంచుతాడు. ఆ మొహాన్ని రోజూ చూడాల్సింది సొన్నప్పే.

హరీశ్ అమ్మానాన్నలూ వచ్చారు గానీ, సొన్నప్ప ఉన్నచోట వాళ్లకు నోరు తెరిచే సందు దొరకదు. అమరనాథ్ ఇంట్లో తియ్యటి కేసరిబాత్ ప్లేట్లు వచ్చాయి. సహన వచ్చి కూర్చుని సూటిగా హరీశ్‌నే అడిగింది.

"నిన్నటి ఫైట్ చూసినారా?"

"చూసినానండి."

"ఎవరు గెలిచినారు?"

సొన్నప్ప కాలితో మనవడి కాలు తొక్కాడు. హరీశ్ కాలు తీసేసుకున్నాడు.

"గణేశ్ అండి. ఐదు రౌండ్లు ఆయనవి, మూడు తిరుపాలువి."

"అయ్యో దేవరే! ఆయన జాబ్ గుద్దులన్నీ తిరుపాలు గ్లవ్స్ మీదనే కదా పడినాయి? తిరుపాలు గణేశ్ పక్కటెముకల్లో కొట్టినవి కనపడలేదా మీకు? ఐదో రౌండ్‌కే గణేశ్ మోచేతులు కిందికి దిగిపోయినాయి."

"దిగితే ఏమి? తిరుపాలు ముందుకొస్తానే ఉండాడు, తగిలించుకుంటానే ఉండాడు. ముందుకొచ్చినందుకే పాయింట్లిస్తే సిటీ బస్సుకు ఛాంపియన్ బెల్ట్ ఇయ్యాల."

"నువ్వు ఫైట్ చూసినావా, హైలైట్స్ చూసినావా?"

"నీకు తిరుపాలు చెమట కారినా పాయింటే!"

'అండి' ఎప్పుడు ఎగిరిపోయిందో ఎవరూ గమనించలేదు, పెద్దవాళ్లు తప్ప. అమరనాథ్ ముఖం తన అంగట్లోని తుప్పు పట్టిన బోల్టు రంగుకు తిరిగింది. "సొన్నప్పన్నా, ఇదేమి గలాట అన్నా? ఇంకోసారి చూస్తాములే," అని లేవబోయాడు. పెళ్లిచూపుల్లో 'ఇంకోసారి' అంటే ఇక లేదనే అర్థం.

సొన్నప్పకు మనవడి గడ్డం కళ్లముందు మెదిలింది. "కూర్చో అప్పా! అత్తిబెలెలో లారీ డ్రైవర్ను పడగొట్టినోడిని నేనుండగా ఫైట్ గురించి వీళ్లేమి చెప్పేది?" అన్నాడు.

సహన ఆయన వైపు తిరిగింది. "ఏం పంచ్ వేసినారు తాతా? పక్కనుంచి హుక్ పంచా, కిందినుంచి అప్పర్‌కట్టా?"

ఇంతకాలం ఏ ఆడకూతురూ ఆ ప్రశ్న వెయ్యలేదు. సొన్నప్ప తల గోక్కుని, పళ్లు లేని నోటితో నవ్వాడు.

"పంచ్ ఏమీ లేదు పాపా. ఆయప్ప లారీ లోపల తలుపుకు ఆనుకొని నిద్రపోతా ఉండాడు. లిఫ్ట్ అడుగుదామని తలుపు తెరిచినా. కింద పడినాడు. చెయ్యి నాదే కదా?"

సహన పడీపడీ నవ్వింది. ఆ నవ్వు మీదే సొన్నప్ప ఆశలన్నీ పెట్టుకున్నాడు. "ఆ ఫైటే టీవీలో సౌండ్ తీసేసి మళ్లీ చూద్దాము. అరిచేవాళ్లుంటే కళ్లు మోసపోతాయి. తీర్పు నాది," అన్నాడు. పిల్ల కోసం తెచ్చిన గాజుల పెట్టె తెరిచి, వెంట వచ్చిన తన భార్య పిల్లమ్మను మధ్యలో కూర్చోబెట్టాడు. గణేశ్ ఎర్ర మూల, ఆయన గెలిచిన రౌండ్‌కు కుడి చేతికి ఎర్ర గాజు. తిరుపాలు నీలం మూల, ఆయనకు ఎడమ చేతికి నీలం గాజు.

"ముసల్దాన్ని స్కోరుబోర్డు చేస్తివి," అని గొణుగుతూనే పిల్లమ్మ చేతులు చాచింది.

సొన్నప్ప టీవీ వైపు చూశాడు గానీ ఫైట్ చూడలేదు. ఆయన తీర్పు ముందే తయారు: నాలుగు ఎరుపు, నాలుగు నీలం. ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు, సంబంధం నిలుస్తుంది. రౌండ్ అయిన ప్రతిసారీ కనుబొమలు ముడిచి, కాసేపు ఆలోచిస్తున్నట్టు నటించి, ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకూ ఎక్కించాడు. ఆఖరి రౌండ్‌కు నీలం గాజు ఎక్కించి, "సరిసమానం! డ్రా!" అని కేకపెట్టాడు.

"తాతా," అన్నాడు హరీశ్, "ఎనిమిది రౌండ్లకు తొమ్మిది గాజులేంది?"

అందరూ లెక్కపెట్టారు. కుడి చేతికి నాలుగు ఎర్రవి, ఎడమ చేతికి ఐదు నీలివి. నోరు డ్రా అని అరుస్తుంటే, చెయ్యి తన మానాన అలవాటుగా కొసరు గాజు ఎక్కించేసింది. ఆ కొసరు లేకుండా సొన్నప్ప దుకాణం నుంచి ఇంతవరకు ఏ చెయ్యీ బయటకు పోలేదు.

"అది కొసరు! లెక్కలోకి రాదు!" అని సొన్నప్ప దాన్ని లాగబోయాడు.

పిల్లమ్మ ఫట్‌మని ఆయన చేతి మీద కొట్టింది. "ఏమయ్యా, నువ్వు బతికుండగా నా చేతి గాజు తీస్తావా? వేసింది వేసిందే!"

తిరుపాలు గెలిచాడు. సహన పార్టీ గెలిచింది. కానీ సహనే తల అడ్డంగా ఊపింది. "వద్దవ్వా. మా తిరుపాలుకు కొసరు గెలుపు వద్దు. నిన్న గణేశ్‌కిచ్చిందీ ఇట్లాంటిదే." తర్వాత హరీశ్‌ను చూసి, "ఇప్పుడేమంటావు? నీ తాతే నా పక్క తీర్పు ఇచ్చినాడు. ఒప్పుకుంటావా?" అంది.

ఒక్క మాట. ఊ అంటే చాలు. హరీశ్ నున్నగా గీసిన గడ్డం తడుముకున్నాడు.

"లేదు. గణేశే గెలిచినాడు. కావాలంటే ఆరో రౌండ్ మళ్లీ పెట్టు, చూపిస్తా."

సొన్నప్ప కళ్లు మూసుకున్నాడు.

"నాన్నా," అంది సహన, "దీనికి ముందొచ్చిన ఇద్దరూ నేనేమంటే అదే అనిరి. ఇంక జీవితమంతా ఎవరితో కొట్లాడేది నేను? నాకు ఈయనే సరి. వంద తప్పులున్నా, తన స్కోరు కార్డు మార్చడు." అమరనాథ్ కుర్చీలో మళ్లీ కూర్చున్నాడు.

మర్నాడు దుకాణానికి గాజులకొచ్చిన గంగమ్మ చేతికి గాజులెక్కిస్తూ సొన్నప్ప ఇదంతా చెప్పాడు. "అంతలో ఆ పాప సంతోషంతో మావాని భుజం మీద ఒక్కటి ఇచ్చింది చూడు, వాడు పోయి కేసరిబాత్ గిన్నెలో కూలబడినాడు!"

"ఓయప్పా! వేడివేడి గిన్నెలోనా?"

సొన్నప్ప ఆమె మొహం చూశాడు. చేతిలో చెయ్యి అలాగే ఉంది.

"లేదులేమ్మా, సోఫాలోనే పడినాడు. గుద్దింది మాత్రం నిజం. కేసరిబాత్ నేను వేసిన కొసరు."