మడమ ఆనేదాకా

“గీ గొట్టాలు చూస్తే పోలీసోళ్లు తుపాకులే అనుకుంటరు. నా మాటిను, ఇయ్యాల బస్సెక్కద్దు,” అన్నాను.

జగిత్యాల బస్టాండులో మా ఆయన చంద్రమౌళి గోనెసంచిని కాళ్ల మధ్య పెట్టుకొని నిలబడ్డాడు. సంచిలో ఇనుప గొట్టాలు, నాలుగు చిన్న చక్రాలు, బెల్టులు ఉన్నాయి.

“పిల్ల నడిచే బండి గది. తుపాకికి చక్రాలుంటయా?”

“ఫిరంగికి ఉంటయి.”

నా చంకలో ఉన్న జమున కిసుక్కున నవ్వింది. ఎనిమిదేళ్ల పిల్ల ఇంకా చంకలో ఏమిటని చూసేవాళ్లు చూస్తూనే ఉంటారు. పుట్టగానే అది ఏడవలేదు. కాళ్లు బిగుసుకొని కత్తెరలా ఒకదానిమీద ఒకటి పడతాయి. మాట వస్తుంది కానీ నన్ను ‘అవ్వా’ అని పిలవాలన్నా నాలుక తిరగడానికి చాలాసేపు పడుతుంది. ఎవరైనా ఏదైనా అడిగితే అది నోరు తెరిచేలోపు నేనే చెప్పేస్తాను. నాకు అలవాటైపోయింది.

ఆ పొద్దున ఆసుపత్రిలో కూడా అదే చేశాను. కోరుట్ల నుంచి వారానికోసారి వచ్చే సులోచన మేడం పిల్లలకు కసరత్తులు చేయించి నడక నేర్పుతుంది. బండిలో జమునను నిలబెట్టి, “ఎక్కడన్న నొప్పి ఉందా తల్లీ?” అని అడిగింది.

“పిక్కల్ల ఉంటది మేడం,” అన్నాను.

“నిన్నడగలేదమ్మా. ఆమెనే చెప్పనియ్యి.”

ముగ్గురం జమున నోటివంక చూస్తూ నిలబడ్డాం. మధ్యలో రెండుసార్లు నా నోరు తెరుచుకుంది, మేడం చూపు చూసి మూసుకున్నాను. చివరికి జమున, “నొప్పి లేదు. భయం,” అంది.

మేడం ఒక్కొక్కటీ చేసి చూపించింది. “ముందు బ్రేకులు. నాలుగు చక్రాలకూ బ్రేకులు వెయ్యకుంట పిల్లను ఎక్కియ్యద్దు, దించద్దు. తర్వాత ఎత్తు. మడమ పూర్తిగ నేలకు ఆనాలె, మోకాలు కొంచెం వంగి ఉండాలె. ఛాతి బెల్టు కింద నీ రెండు వేళ్లు దూరాలె. ఈ సీటు కూసునేటందుకు కాదు, కాళ్లు జారితే పట్టుకునేటందుకు. మోచేతులు ఈ పలకల మీద ఆనాలె, భుజాలు చెవుల దాకా లేవద్దు.”

“పడితే మేడం?”

“మంచిగ బిగిస్తే పడదు.”

“గొట్టం ఇరిగితే?”

“ఇరగదు.”

“పిన్ను ఊడితే?”

“గది అడగాల్సిన మాటే,” అంది మేడం. గొట్టాలకు వరుసగా రంధ్రాలున్నాయి. లోపలి గొట్టాన్ని పైకో కిందికో జరిపి పిన్ను గుచ్చితే అక్కడ ఆగుతుంది. “ఎక్కియ్యబోయేముందు ప్రతిసారి పిన్ను కొస అవతలికి వచ్చిందా లేదా చేత్తో తడిమి చూడు. నీ అంత భయం ఉన్నోళ్లే గీ పని మంచిగ చేస్తరు.” జమునకు సరిపోయిన రంధ్రాల దగ్గర గుర్తుకు తెల్ల ప్లాస్టరు ముక్కలు అంటించింది. “ఎదిగే పిల్ల. ఇప్పుడు పాదాల మీద బరువు పడకపోతే మడమ నరం గుంజుకపోతది. అప్పుడు కోసి సరిచెయ్యాల్సి వస్తది.”

మేడం ఇంకా ఏదో చెప్పింది. నా చెవుల్లో ‘కోసి’ అన్న మాటే ఉండిపోయింది.

వేములవాడ దాటాక బస్సు ఆగింది. నేనన్నట్టే పోలీసులు ఎక్కారు. ఆ వారంలోనే నక్సల్ అన్నలు ఎక్కడో పంచాయతీ ఆఫీసు పేల్చేశారని చెప్పుకుంటున్నారు. ఒక జవాను మా సంచిని బూటుతో తన్నిచూశాడు. లోపల ఇనుము గల్లుమంది.

“ఎవడిదిరా ఇది? దిగు.”

ముగ్గురం దిగాం. ఎస్సై కుర్చీలో కూర్చొని ఉన్నాడు. మా ఆయన సంచి బోర్లించి, “పిల్ల నడిచే బండి సార్. బిడ్డకు కాళ్లు రావు సార్,” అన్నాడు.

“బిగించి చూపించు.”

మా ఆయన ఎటు తిప్పినా గొట్టంలో గొట్టం దూరలేదు. జవాను ఒక్కో గొట్టాన్నీ కంటికి ఆనించి లోపలికి చూశాడు. ప్లాస్టరు ముక్కలు కనిపించగానే వాటి కింద ఏదో దాచామనుకొని గోటితో గీకి అన్నీ పీకేశాడు. కింద రంధ్రాలే ఉన్నాయి. మా ఆయన ఎలాగో బండిని నిలబెట్టాడు. అది ఒకవైపు ఎత్తు, ఒకవైపు పల్లంగా నిలబడింది. జమునను అందులో పెట్టమన్నారు. బ్రేకులు వేసి పెట్టాను.

“నీ పేరేంటి పాపా?” అన్నాడు ఎస్సై.

“జమున సార్,” అన్నాను నేను.

ఆయన నావంక చూసి, జమున కాళ్లవంక చూసి, “సరే, పొండి,” అన్నాడు.

బస్సెక్కాక కండక్టర్, “ఏం చంద్రమౌళన్నా, బండి బిగిచ్చినవట గద, గా బండ్లనే పోకపోయినవా సిరిసిల్లకు?” అన్నాడు. బస్సంతా నవ్వింది. మా ఆయన మాత్రం నవ్వలేదు. “చూసినవా, నేను ముందే చెప్పలే?” అన్నాను. ఆయన సంచి మూతి ముడివేస్తూ కూర్చున్నాడు.

సిరిసిల్లలో మాది సాంచెల వాడ. మరమగ్గాలను మా దగ్గర సాంచెలంటారు. ఇంటి పక్క సందు చివర షెడ్డులో మా ఆయన సాంచె నడుపుతాడు. కరెంటు ఉన్నంతసేపు ఆ చప్పుడులో ఇంట్లో మనుషులం ఒర్రుకుంటూ, అంటే అరుచుకునే మాట్లాడుకుంటాం.

మరునాడు గచ్చు మీద బండి బిగించాడు. ప్లాస్టరు గుర్తులు లేవు. కంటి కొలతతో పెట్టాడు. సీటు గుడ్డ కొంచెం కిందికి జారితే పైకి లాగాడు, బెల్టు కొంచెం వదులనిపిస్తే బిగించాడు. సాంచె బీముకు నిలువు పోగుల పడుగు ఎక్కించినప్పుడు ఎలా చేస్తాడో అలాగే చేశాడు. చేత్తో మీటితే టంగుమనాలి, లేకపోతే ఆయనకు నిద్రపట్టదు. నేను పిన్నులన్నీ తడిమాను. అన్నీ అవతలికి వచ్చాయి. అయినా ముందు పిల్లను పెట్టనివ్వలేదు. నూలు మూటను సీటులో కూర్చోబెట్టి బెల్టు కట్టి, గచ్చంతా తిప్పి చూశాను.

మా అత్త కొమురవ్వ అరుగు మీది నుంచి, “మూట మంచిగనే నడుస్తంది గని, ఇగ మనుమరాలిని ఎక్కియ్యిండ్రి,” అంది.

జమున ఎక్కింది. రెండు కాళ్లతో ఒక్కసారే నేలను తన్నేది, బండి జుయ్యిమని పోయేది. వాడలో వాళ్లంతా వచ్చి చూశారు. “జీపు లెక్క పోతంది,” అని మా అత్త అందరికీ చెప్పింది. నాకు సంతోషంగానే ఉంది. బిగువుగా ఉంది కాబట్టి పడదు అనుకున్నాను. మేడం దగ్గరికి మళ్లీ వెళ్లాలనుకుంటుండగా ఎక్కడో బస్సు తగలబెట్టారు, జగిత్యాల దారిలో బస్సులు బందయ్యాయి.

ఒకనాడు జమున గుడ్డ బూట్లు ఉతుకుతున్నాను. ముందువైపు వేళ్ల దగ్గర రబ్బరు అరిగి గుడ్డ కనిపిస్తోంది. వెనక మడమ దగ్గర మాత్రం కొత్త బూటే. అంగడిలో అంటించిన కాగితం ముక్క కూడా ఊడలేదు. బూటు చేత్తో పట్టుకొని షెడ్డుకు ఉరికాను.

“ఏమయ్యా, సాంచె బందు వెయ్యి. జమునను కోస్తరు.”

“ఎవలు?”

“డాక్టర్లు. చూడు గీ బూటు. మడమ నేల ముట్టనేలేదు. గది నడుస్తలేదు, యాలాడుతంది.”

ఆయన బూటును తిప్పి తిప్పి చూశాడు. “వదులు చేస్తే ఎట్లనే? పడుగు వదులైతే పోగు తెగుతది.”

“పిల్ల పడుగా?”

ఆయన బూటు నా చేతికి ఇచ్చాడు. సాంచె ఆపి ఇంటికి వచ్చాడు.

బ్రేకులు వేశాం. జమునను దించి, తొడలు చూస్తే సీటు గుడ్డ ఒరిసి ఎర్రగా కమిలి ఉన్నాయి. “ఇన్నొద్దులు చెప్పలేదేం బిడ్డా?” అని మా అత్త అడిగింది. “గట్లుంటేనే బండి ఉరుకుతదని చెప్పలేదు అత్తా,” అన్నాను నేను. జమున నావంక కోపంగా చూసింది. చాలాసేపటికి అదే మాట తన నోటితో తనే చెప్పింది.

జమునను గోడకు ఆనించి నిలబెట్టి, మోకాలు కొంచెం వంచి, మడమలు నేలకు ఆనేలా మా అత్త పట్టుకుంది. ఆ ఎత్తును నేను నూలుపోగుతో కొలిచాను. పోగును గొట్టం పక్కన పెట్టి మా ఆయన పిన్ను కిందికి దించాడు. రెండువైపులా ఒకే రంధ్రంలో ఉందో లేదో చూశాం. మోచేతుల పలకలు కూడా దించాం. ఛాతి బెల్టు కింద నా రెండు వేళ్లు పెట్టి, “ఇగ కట్టు,” అన్నాను. ఆయన అలవాటు కొద్దీ గుంజాడు. “నా వేళ్లు తెగుతయి!” అని అరిచాను. వదిలాడు. గుర్తుకు మా అత్త కుంకుమ అద్దింది.

జమున ఎక్కింది. మడమలు ఆనాయి. మోకాళ్లు గజగజ వణికి మడతపడ్డాయి. సీటు పట్టుకుంది కాబట్టి పడలేదు. బండి కదల్లేదు. తన్నడానికి కాలు లేవలేదు. అది వెక్కివెక్కి ఏడ్చింది. “గట్లనే… మంచిగుండె,” అంది.

రేపు ఎల్లుండి అంటూ దినాలు గడిచాయి. బండి ఉన్నచోటే ఉంది. ఒక మధ్యాహ్నం నా చెయ్యి మెల్లగా పిన్ను మీదికి పోయింది. ఒక్క రంధ్రం పైకి పెడితే ఏమవుతుందనిపించింది.

“చెయ్యి తియ్యి,” అంది మా అత్త. “నీ మొగడు మొగ్గం నేర్చుకున్నొద్దు ఎన్ని పోగులు తెంపిండో నాకెరుక. నేను ఒక్క పోగన్న అతికిచ్చిన్నా? వాన్నే అతుక్కోనిచ్చిన.”

“పోగుకు ప్రాణముంటదా అత్తా?”

“నీ పానంల సగం గా పిల్లకు ఇచ్చి, జర ఇంట్లకు పో.”

ఆ తర్వాత కుడి మడమ ఆనించి ఎడమ కాలు జరపడం వచ్చింది. నేను పక్కనే వంగి నడిచేదాన్ని. బండిని నేనే తోస్తున్నానని మా ఆయన గొడవ. తోయలేదు, పట్టుకున్నానంతే.

ఒకరోజు కరెంటు పోయి సాంచెలన్నీ ఆగాయి. మా ఆయన ఇంటికి వచ్చి, “ఇయ్యాల షెడ్డు దాక నేను తీస్కపోత. నువ్వు ఇంట్లనే ఉండు,” అన్నాడు.

“సందుల మోరి కాల్వ ఉంది. చక్రం దిగితే?”

“మోరి మీద పలక ఏసిన. నేను వెనకనే ఉంట. ఇంకోటి, నువ్వు పిలిస్తే నేను పలకను. దాన్నే పలకనియ్యి.”

పిన్నులు నేనే తడిమి చూశాను. రెండు వేళ్లు దూర్చి చూశాను. వాళ్లు సందు మలుపు తిరిగారు. ఇక నాకు కనిపించలేదు. గడపలో కూర్చొని చెవులు అటే పెట్టాను. చక్రం కీచుమంది, ఆగింది. మళ్లీ కీచుమంది, ఆగింది. తర్వాత ఏమీ లేదు.

“జమునా! మంచిగున్నవా?”

జవాబు లేదు.

మోరి మీది పలక విరిగిందనుకున్నాను. పిన్ను ఊడిందనుకున్నాను. పోలీసుల జీపేదైనా సందులోకి వచ్చి, ఆ గొట్టాలు చూసి ఇద్దరినీ పట్టుకున్నారనుకున్నాను. వాడంతా సద్దుమణిగి ఉంది, ఒక్క సాంచె చప్పుడు లేదు. లేచాను. మా అత్త నా కొంగు పట్టుకొని కూర్చోబెట్టింది.

“జమునా! ఏమైంది బిడ్డా?”

మా ఆయన దగ్గు వినిపించింది. అన్నట్టే పలకలేదు. ఎంతసేపైందో నాకు తెలియదు. పొయ్యి మీద పప్పు పొంగిన వాసన వస్తున్నా లేవలేదు. మూడోసారి పిలవబోయి నోరు మూసుకున్నాను.

అప్పుడు సందులోంచి ఒక్కో మాట విడివిడిగా వచ్చింది.

“ఒర్రకే… అవ్వా. మడమ… ఆనిస్తున్న.”