చెయ్యి ఆగిన చోటు

ఎడంవైపు వరస పూర్తిచేసి జహీరా మగ్గం పలక మీద కుడివైపుకి జరిగింది. తివాచీ మగ్గానికి ఇద్దరు కూర్చోవాలి. చెరో పక్కనుంచి ఉన్ని ముడులు వేసుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకోవాలి. ఫయాజ్ పోయినప్పటినుంచీ ఆమె ఒక్కతే రెండు వైపులా కూర్చుంటోంది. ఉన్ని ఒరుసుకుని వేళ్ల సందులు మొద్దుబారాయి, చూపుడువేలి నిండా ముడి కోసే చాకు గీతలు. ఇంకో మనిషిని పెట్టుకోమని షాపు ఓనరు ఎన్నోసార్లు చెప్పాడు. భర్త కూర్చున్న చోట ఇంకొకరు కూర్చోవడం ఆమెకి గిట్టదు. మొండి మనిషి.

ఆదివారం కాబట్టి ఆ వరసతో లేచింది. మొహం కడుక్కుని, తల మీదుగా పైట కప్పుకుని, కథ రాసిన కాగితాలు సంచిలో పెట్టుకుని ఏలూరు స్టేషన్లో పాసింజరు ఎక్కింది. దెందులూరు దాటాక కిటికీ పక్కన చోటు దొరికింది. కాగితాలు తీసి ఇంకోసారి చదువుకుందామనుకుంది గానీ ధైర్యం చాల్లేదు.

భీమడోలులో నాగరత్నం టీచరుగారి ఇంట్లో ఆదివారాలు కథలు చదువుకుంటారు. ఒకప్పుడు వసారా నిండేది. ఉద్యోగాలకి కొందరు, కాపరాలకి కొందరు వెళ్లిపోయారు. ఇప్పుడు మిగిలింది జహీరా, కొల్లేటి ఊరినుంచి వచ్చే ఎలీయాజరు. చేపల చెరువు మీద కాపలా ఉండేవాడు. మొన్న సర్కారువాళ్లు కొల్లేట్లో చెరువు గట్లన్నీ కొట్టేశాక పని పోయింది, పాటలు రాసుకోవడం మాత్రం పోలేదు.

టీచరుగారు చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ వింటారు. బాగుందనీ బాగోలేదనీ అనరు. ఏరే చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ కథ ఉన్నట్టు. ఆగకపోతే ఇంటికెళ్లి మళ్లీ రాసుకోవాలి. ఆవిడ అన్నంలో రాయి తగిలితే ఆ వారం ఎవరో బాగా రాశారని వసారాలో నవ్వుకునేవాళ్లు.

జహీరా మొదటి కథలో అరుణ అనే అమ్మాయి మేడ మీద వీణ వాయిస్తుంది. చెయ్యి చకచకా ఏరుతూనే ఉంది.

“ఈ అరుణ నీకు తెలుసా?” అన్నారు టీచరుగారు.

“తెలీదండీ.”

“నీకే తెలియని మనిషిని నాకెందుకమ్మా పరిచయం చేస్తావు?”

ఇంకోసారి, “నీ కథలో అందరూ ఏడుస్తున్నారు. నన్ను ఏడవనివ్వట్లేదు,” అన్నారు. జహీరాకి ఒళ్లు మండి రెండు ఆదివారాలు వెళ్లలేదు. మూడో ఆదివారం ఉండబట్టలేక వెళ్లింది. వెళ్లక ఏంచేస్తుంది? ఆమె ఏం రాసిందో అడిగే మనిషి లోకంలో ఇంకెవరూ లేరు. ఇన్నేళ్లలో ఆ చెయ్యి ఆమె కోసం ఆగింది ఒక్కసారే, అదీ రెండు వాక్యాల పాటు. ఆ రెండు వాక్యాలూ తలుచుకుంటూ ఏడాది గడిపింది.

ఈసారి ఫయాజ్ కథ రాసింది. ఉన్ని దుమ్ముకి దగ్గుతూనే తన వైపు వరస ముందు పూర్తిచేసి, ఆమె సగంలోకి దొంగతనంగా వచ్చి రెండు ముడులు వేసి నవ్వే ఫయాజ్. ఇది కూడా ఆగకపోతే ఇక రాయకూడదని రైల్లోనే ఒట్టు పెట్టుకుంది.

వసారాలో టీచరుగారు గోడకి ఆనుకుని చేట ఒళ్లో పెట్టుకున్నారు. మొహం వాడిపోయి ఉంది.

“ఒంట్లో బాలేదాండీ?”

“నిద్ర చాల్లేదమ్మా. నువ్వు చదువు.”

ఎలీయాజరు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. జహీరా మొదలుపెట్టింది. మొదటి పేజీ అంతా బియ్యం చప్పుడు వినిపిస్తూనే ఉంది. రెండో పేజీలో ఎక్కడో ఆ చప్పుడు లేదనిపించింది. ఓరకంట చూసింది. చెయ్యి బియ్యం మీద ఆగి ఉంది. మళ్లీ చూస్తే కదులుతుందేమోనని భయపడి కాగితం మీదనుంచి కళ్లు ఎత్తలేదు. పేజీ తిప్పింది, ఇంకో పేజీ తిప్పింది. చప్పుడు లేదు. అంత సంతోషం ఆమెకి పెళ్లినాడు కూడా కలగలేదు.

చదవడం అయింది. టీచరుగారు ఏమీ అనలేదు.

“టీచరుగారండీ...”

చెయ్యి ముట్టుకుంది. వేళ్లు చల్లబడుతున్నాయి.

ఎలీయాజరు పరుగెత్తి డాక్టరుని తీసుకొచ్చాడు. నాడి చూసి, ప్రాణం పోయి కాసేపయిందన్నాడాయన. పక్కింటి కనకమ్మగారు ఒళ్లోంచి చేట తీసి పక్కన పెట్టింది. ఇరుగుపొరుగు వసారాలోకి చేరి ఆవిడని చాప మీద పడుకోబెట్టారు. ఆ మనుషుల మధ్య జహీరాకి ఒకటే ఆలోచన. అంత నీచమైన ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా అడక్కుండా ఉండలేకపోయింది.

“ఎలీయాజరుగారూ, చెయ్యి ఎక్కడ ఆగిందండీ? ఏ మాట దగ్గర?”

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు.

“చూళ్లేదమ్మా. కళ్లు తెరవబుద్ధి కాలేదు. ఫయాజ్‌గారి దగ్గరే ఉండిపోయాను.”

అది తన కథకి ఆయన పెట్టిన మార్కు అని జహీరాకి కాసేపటికి గాని అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ మాట చెప్పుకోవాలనిపించిన మనిషి ఎదురుగా పడుకుని ఉంది. అప్పుడు ఏడ్చింది, నోటికి పైట అడ్డం పెట్టుకుని.

“తల దగ్గర దీపం పెట్టాలి. వంటింట్లో అగ్గిపెట్టె ఉందేమో చూడమ్మా,” అంది కనకమ్మగారు.

జహీరా వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి గట్టు మీద, టీ కోసం ముగ్గురికి మూడు స్టీలు గ్లాసులు, ముందే పంచదార వేసి, చీమలు పట్టకుండా పళ్లెంలో నీళ్లు పోసి అందులో నిలబెట్టి ఉన్నాయి.