కొత్త మోడల్ వచ్చేదాకా

బసవపున్నయ్య నా చేను తిన్నాడు. ఈ మాట నేను పన్నెండేళ్లుగా అంటున్నాను. టేకులపల్లి సంతలో అన్నాను, పెళ్లిళ్లలో విస్తరి ముందు కూర్చుని అన్నాను, వినేవాళ్లు ఎవరూ లేకపోతే గట్టు మీద నిలబడి ఒక్కడినే అన్నాను.

మాది తండా. ఆయన తండ్రి కృష్ణా ఒడ్డు నుంచి వచ్చి ఇక్కడ చేలు కొన్నాడు. ఆయన చేనుకూ నా చేనుకూ మధ్య ఒకటే గట్టు. నాకంటే రెండేళ్లే పెద్ద, అయినా నన్ను ఏరా హరిలాలూ అని పిలుస్తాడు. నేను పున్నయ్యగారూ అంటాను. అదొక బాధ, కానీ నేను చెప్పేది దాని గురించి కాదు.

ఎకరం తిన్నాడని నాకెలా తెలుసంటే, గింజలు చెప్పాయి. ఎకరమంటే నలభై గుంటలు, కానీ మా తండాలో ఎవరూ చేనును ఆ లెక్కలో చెప్పరు. ఎన్ని ప్యాకెట్ల చేను అని అడుగుతారు. పత్తి గింజల ప్యాకెట్ ఒకటి ఎకరానికి సరిపోతుంది. నా చేను ఐదు ప్యాకెట్లు పట్టేది. పాసుబుక్కులో కూడా ఐదెకరాలే. పన్నెండేళ్ల కింద ఎండాకాలంలో నేను అత్తగారి తండాకు పోయి రెండు వారాలుండి వచ్చేసరికి బసవపున్నయ్య జేసీబీ పెట్టి గట్టు కొత్తగా పోయించాడు. పాతది వానకు కోసుకుపోయిందని, ఉన్నచోటే పోయించానని చెప్పాడు. ఆ వానాకాలం నాలుగు ప్యాకెట్లకే చేను నిండిపోయింది. ఐదోది నా చేతిలో మిగిలింది. దాన్ని నేను విత్తలేదు, ఎవరికీ ఇవ్వలేదు. ఇంటి దూలానికి తాడుతో కట్టాను. చూసినవాళ్లందరికీ అదే నా సాక్ష్యం.

నేను ఆరో తరగతిలో బడి మానేశాను. కాగితం పట్టుకుని వాదించడం రాదు. సర్వేకు రెండుసార్లు దరఖాస్తు పెడితే, ఒకసారి వాన పడింది, ఒకసారి పక్క రైతు ఊళ్లో లేడని కొలత ఆగింది. పెద్దమనుషుల్లో కూర్చుంటే బసవపున్నయ్య నెమ్మదిగా మాట్లాడేవాడు, నేను అరిచేవాణ్ణి. అరిచేవాడిదే తప్పు అన్నట్టు చూసేవాళ్లు అందరూ.

నా బిడ్డ సంగీత మా తండాలో మొదటి ఇంజినీరు. ఖమ్మంలో ఒక చిన్న సర్వే కంపెనీలో పని చేస్తుంది. ఖానాపురం హవేలిలో ఇంకో ఇద్దరు ఆడపిల్లలతో కలిసి రూము కిరాయికి తీసుకుని ఉంటుంది. చేల మీద డ్రోన్ ఎగరేసి, అది తీసిన ఫొటోలను కలిపి మ్యాపు చేయడం ఆమె పని. మేలో చేలు ఖాళీగా ఉన్నప్పుడు వాళ్ల సారును అడిగి ఒక ఆదివారం డ్రోన్ తెచ్చింది. అది మా చేను మీద తిరుగుతుంటే తండా మొత్తం గట్టు మీద నిలబడింది. హేమ్లి, అంటే నా భార్య, కొంగుతో తల కప్పుకుని, దానికి కనపడకుండా పక్కకు జరిగింది.

ఫొటోలైతే వచ్చాయి. వాటిని కలిపే మిషన్ లేదు. సంగీత దగ్గరున్నది కాలేజీలో సెకండ్ హ్యాండులో కొన్న లాప్‌టాప్. ఫైలు తెరవగానే దాని ఫ్యాన్ రొదపెట్టింది, స్క్రీన్ తెల్లబడింది, అంతే. ఆఫీసు మిషన్‌లో చేయవచ్చు కదా అన్నాను. చేయనంది. సొంత చేను ఆఫీసు మిషన్‌లో కొలిస్తే రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తారని అంది. ఆ మాటకు నాకు కోపం రావాలి, రాలేదు.

ఖమ్మంలో రాంబాబు అనే అతని కంప్యూటర్ షాపుకు పోయాం. మా పనికి సరిపోయే మిషన్ అప్పుడే షాపులో ఉంది. సంగీత దాన్ని తెరిచి చూసి, ఇది చాలు అంది. రాంబాబే నోరు జారాడు. ఆగస్టులో దీని కొత్త మోడల్ వస్తుందని, మెమరీ రెండింతలుంటుందని, బ్యాటరీ పొద్దంతా నిలుస్తుందని చెప్పాడు.

ఆ ముందు వారమే సీతయ్య హోటల్లో చాయ్ తాగుతుంటే బసవపున్నయ్య వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "డ్రోన్ తిప్పారంట గదరా. బొమ్మలు తీస్తే గట్టు జరుగుద్దా? మా మనవరాలి పాత లాప్‌టాప్ ఒకటుంది, పడేద్దామనుకుంటున్నాం. కావాలంటే పట్టుకుపో," అన్నాడు. నలుగురూ నవ్వారు. సీతయ్య కూడా నవ్వాడు, తర్వాత నాకు చాయ్‌లో చక్కెర ఎక్కువ వేశాడు.

అందుకే షాపులో నేను అడ్డం తిరిగాను. కొంటే కొత్త మోడలే, ఈ మండలంలో ఎవరింట్లోనూ లేనిదే కొందాం అన్నాను. సంగీత నా ముఖం చూసింది. సరే బా, నీ ఇష్టం అంది. మాలో తండ్రిని బా అంటారు.

అప్పటినుంచి ఎదురుచూపు మొదలైంది. సంగీత ప్రతి ఆదివారం ఫోన్ చేసి, కొత్త మోడల్ గురించి ఏం రాస్తున్నారో చదివి చెప్పేది. కంపెనీ ఏమీ బయటపెట్టలేదు, రాసేవాళ్లంతా ఊహించి రాస్తున్నారని కూడా చెప్పేది. ఊహలైనా నాకు చాలు. మెమరీ అంటే ఏంటో, ప్రాసెసర్ అంటే ఏంటో నేర్చుకున్నాను. మెమరీ కళ్లం లాంటిది, పెద్దదైతే పంట మొత్తం ఒకేసారి పోసుకోవచ్చు, చిన్నదైతే బస్తా బస్తా తెచ్చి మోయాలి. ఇది నేను చెప్పిన పోలికే. సంగీత బాగుందంది, వాళ్ల ఆఫీసులో కూడా చెప్పిందట.

సీతయ్య హోటల్లో ఇక అదే ముచ్చట. బ్యాటరీ ఇరవై గంటలొస్తుందని నేనే చేసి ఇచ్చినట్టు చెప్పేవాణ్ణి. మా బావమరిది వీరన్న, కరెంటు లేనప్పుడు దాన్ని ట్రాక్టర్ బ్యాటరీకి తగిలించొచ్చా అని అడిగాడు. ఎండలో కూడా స్క్రీన్ కనపడుతుందట అంటే ఎవరూ నమ్మలేదు, ఫోనే కనపడదు, అదేం కనపడుతుందన్నారు. హేమ్లికి ఒకటే భయం, కళ్లంలో మిరపకాయల ఘాటు దుమ్ము లేచినప్పుడు మీటల సందుల్లోకి పోతే దానికీ తుమ్ములొస్తాయేమోనని. ముసలి చందూలాల్ అన్నీ విని, కర్ర నేలకు తాటించి అడిగాడు: "మన లంబాడీ మాట తెలుస్తదా దానికి?"

ఆ ప్రశ్న ఫోన్లో సంగీతకు చెప్పాను. "ఇంకా రాదు బా. మనోళ్లు ఎవరన్నా నేర్పాలె," అంది.

నేను మాత్రం ఎవరికీ చెప్పని ఊహ ఒకటి పెట్టుకున్నాను. అంత గొప్ప మిషన్ అయితే కొత్త గట్టు కింద పాత గట్టు వాసన కూడా పట్టేస్తుందని, నా ఎకరం నాకు ఎర్ర గీత గీసి చూపిస్తుందని.

ఆగస్టు వచ్చింది. మోడల్ రాలేదు. అక్టోబరుకు పోయిందని రాంబాబు చెప్పాడు. అదే సమయంలో బసవపున్నయ్య గట్టు పొడుగునా సిమెంటు స్తంభాలు పాతిస్తాడని తెలిసింది. దీపావళి తర్వాత అన్నారు కాబట్టి నేను నిబ్బరంగా ఉన్నాను. మేస్త్రీకి ముందే తీరిక దొరికినట్టుంది, సెప్టెంబరు రెండో వారంలోనే గుంతలు మొదలుపెట్టారు.

గుంతలు తీస్తున్న రోజు మధ్యాహ్నం సంగీత ఫోన్ చేసింది. రాంబాబు దగ్గర పాత మోడల్ ఇంకా ఉంది, ఈరోజే తెచ్చుకుంటా, రేపటికల్లా మ్యాపు అయిపోతుంది, కాంక్రీటు పోయకముందే చూపిద్దాం అంది. ఇక్కడ నేను చేసిన పని దాచుకోను. వద్దన్నాను. ఇన్ని రోజులు ఊరందరికీ కొత్త మోడల్ అని చెప్పి, ఇప్పుడు పాతది తెస్తే బసవపున్నయ్య నోటికి ఇంకో మాట దొరుకుతుందని నా భయం. నెల రోజులే కదా అన్నాను.

హేమ్లి వంట ఆపి వచ్చి నా ఎదురుగా నిలబడింది. "చేను కావాల్నా, ఊళ్లె గొప్ప కావాల్నా నీకు? ఏదో ఒకటి చెప్పు." నేను కండువా దులుపుకుని బయటికి పోయాను. స్తంభాలు నలభై రెండు, పది రోజుల్లో నిలబడ్డాయి.

అక్టోబరులో మిషన్ వచ్చింది. సంగీత దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. టేకులపల్లి నుంచి బండి మీద తీసుకొస్తూ ప్రతి గుంత దగ్గర ఆగి ఆగి నడిపాను. పలకలా ఉంది. మేం ఊహించిన వాటిలో సగం దాంట్లో లేవు. బ్యాటరీ ఇరవై గంటలు కాదు, పద్నాలుగే. లంబాడీ రాదు. వీరన్న ట్రాక్టర్‌కు తగిలించనివ్వలేదు. గట్టు కింద ఏముందో దానికి తెలియదు. కానీ మే నెలలో తీసిన ఫొటోలన్నీ ఒక్కసారిగా పోస్తే తడబడలేదు. ఫ్యాన్ చప్పుడు కూడా రాలేదు. పొద్దున కూర్చుని అన్నం వేళకు సంగీత పని ముగించింది. ఎంత అని అడిగితే చెప్పలేదు. "ఆయన కూడా ఉన్నప్పుడే చెప్త బా. ఒకరికి ముందు, ఒకరికి ఎనక చెప్పొద్దు," అంది.

గట్టు దగ్గరకు బసవపున్నయ్య వచ్చాడు. ముళ్లతీగ లాగుతున్న మేస్త్రీ పని ఆపాడు. సంగీత మిగిలిన సిమెంటు బస్తాల మీద గోనె పరిచి, మిషన్ పెట్టి తెరిచింది. మిట్టమధ్యాహ్నం ఎండలో స్క్రీన్ స్పష్టంగా కనపడింది. ఆ ఒక్కటీ రాసినవాళ్లు నిజమే రాశారు.

ముందు ఆమె నా వైపు తిరిగింది. "బా, మన ఎడ్లను ఏ ఏడు అమ్మినవ్?"

"ఆయన గట్టు పోసిన ఏడే."

"ఎడ్లతోని అచ్చు ఎంత తోలేటోడివి?"

అచ్చు అంటే గింజ పెట్టే ముందు చేనంతా సాళ్లు గీయడం. ఎద్దులున్నప్పుడు సాలుకూ సాలుకూ మూడడుగులు. కిరాయి ట్రాక్టర్ వచ్చాక మూడున్నర, లేకపోతే దానికి దారి చాలదు. ఆ మాట నా నోటితో చెబుతుండగానే నాకు తెలిసిపోయింది. సాళ్లు దూరమైతే గింజలు తక్కువ పడతాయి. దూలానికి కట్టిన ప్యాకెట్ ఎకరం కాదు. చాలావరకు ట్రాక్టర్ దారి. పన్నెండేళ్లలో నాకు గానీ, తండాలో ఇంకెవరికి గానీ ఇది తట్టలేదు. అందరం ఒక్క లెక్కలోనే పడి ఉన్నాం.

బసవపున్నయ్య నవ్వాడు. "చూశావట్రా, నీ కూతురే చెప్పింది."

సంగీత నవ్వలేదు. మిషన్‌ను ఆయన వైపు తిప్పింది. కొత్త గట్టు పడకముందు తీసిన ఉపగ్రహం ఫొటో, ఇంటర్నెట్‌లో వెతికి పట్టింది; దాని మీద మొన్నటి డ్రోన్ ఫొటో. పాత గట్టు ఎర్ర గీత, కొత్త గట్టు నీలం గీత. ఎనిమిది వందల ఇరవై అడుగుల పొడుగునా నీలం గీత మా వైపు పద్నాలుగడుగుల పైన జరిగి ఉంది. ఉన్నచోటే పోసింది కాదు. మేస్త్రీ కూడా వంగి చూశాడు.

"మీ నాన్న ఎకరం అని ఊరంతా చెప్పాడు గదమ్మా," అన్నాడు బసవపున్నయ్య.

"ఆయన తప్పు చెప్పిండు. మీరు కూడా తప్పు చెప్పిండ్రు."

అరవలేదు. మామూలుగా, మంచినీళ్లు అడిగినట్టు చెప్పింది. నేను పన్నెండేళ్లు గొంతు చించుకున్నది ఈ ఒక్క మాట కోసమే, దాంట్లో సగం నాకే తగిలినా సరే. నా ఛాతీలో ఏదో నిండింది. అది ఎకరం దొరికినా నిండేది కాదు.

బసవపున్నయ్య ఆ గీతల వంక చాలాసేపు చూశాడు. "స్తంభాలు పాతేశాం. కాంక్రీటు పోశాం. ఇప్పుడు పీకమంటే పీకను. మీరేం కేసు వేసుకుంటారో వేసుకోండి," అన్నాడు. మమ్మల్ని మీరు అనడం అదే మొదలు. సంగీత మ్యాపు కాగితాలు మూడు తెచ్చింది, ఒకటి ఆయనకిచ్చింది. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు గానీ పారేయలేదు.

ఆ కాగితం జోడించి మళ్లీ సర్వేకు దరఖాస్తు పెట్టాం. ఏమవుతుందో చూడాలి. స్తంభాలు అక్కడే ఉన్నాయి. గుంతలు తీసిన రోజు నేను సరే అని ఉంటే అవి ఇవతలికి వచ్చేవి కావేమో. ఆ మాట హేమ్లి వారానికోసారి అంటుంది, నేను వింటాను.

దూలానికి కట్టిన ప్యాకెట్ విప్పేశాను. సీతయ్య హోటల్లో కొత్తవాళ్లెవరైనా, నీది ఎకరం పోయిందట కదా అంటే, కాదు అని నేనే సరిదిద్దుతున్నాను. నా బిడ్డ కొలిచింది అని చెప్తాను. పాసుబుక్కులో ఐదెకరాలు. నేల మీద ఉన్నది నాలుగెకరాల ఇరవై తొమ్మిది గుంటలు. బసవపున్నయ్య తిన్నది పదకొండు గుంటలు.