మీ వైపు ఎంత పడింది?

ఉదయం ఏడింటికి వాన కొలవడం ఎల్డన్ బ్రూనింగ్ ఇరవై రెండేళ్ళ వయసులో పట్టుకున్న పని. ఇప్పుడతనికి అరవై నాలుగు. పెరట్లో కంచె గుంజకి బిగించిన రేకు గొట్టంలో కొలబద్ద దించి, ఎక్కడిదాకా తడిసిందో చూసి, వాతావరణం ఆఫీసుకి పంపుతాడు. ఏడాదికో ధన్యవాదాల ఉత్తరం తప్ప వాళ్ళిచ్చేదేమీ లేదు.

కానీ ఆ లెక్క ఆఫీసు కంటే ముందు నది అవతలికి చేరుతుంది. అవతలి ఒడ్డున వారెన్ హోల్మ్‌కీ ఒక గొట్టం ఉండేది. వాన పడిన ప్రతి పొద్దునా ఏడుంబావుకి ఇద్దరూ ఫోన్లో పోల్చుకునేవాళ్ళు. మూడేళ్ళ కిందట వారెన్ పోయాడు. పాతిపెట్టిన వారానికి వాన పడింది. ఎల్డన్ కొలుచుకుని వచ్చి, ఇక చెప్పేందుకెవరున్నారని కాఫీ పోసుకుంటుంటే ఫోను మోగింది.

"మీ వైపు ఎంత పడింది?" ఆర్డిస్ గొంతు. వారెన్ భార్య.

"ముప్పావు అంగుళం."

"మాకు అంగుళం దాటింది."

"నీ గొట్టం ఒంగి ఉంటుంది చూడు."

"నా గొట్టం నిటారుగానే ఉంది. నువ్వే ఒంగిపోతున్నావ్," అని పెట్టేసింది. ఎప్పుడూ ముందు పెట్టేసేది ఆమే. ఎల్డన్ మాత్రం ఆ చప్పుడయ్యాక కూడా కాసేపు ఫోను చెవి దగ్గరే ఉంచుకునేవాడు.

ఇద్దరూ ఒకే బళ్ళో చదువుకున్నవాళ్ళు. పద్దెనిమిదేళ్ళప్పుడు ఊరి హాల్లో డ్యాన్సు జరుగుతుంటే, ఆర్డిస్‌ని అడుగుదామని గుండె దిటవు చేసుకుని, ముందు రెండు గ్లాసుల నిమ్మరసం తెద్దామని వెళ్ళాడు ఎల్డన్. తెచ్చేసరికి ఆమె వారెన్‌తో ఆడుతోంది. గోడకి ఆనుకుని రెండు గ్లాసులూ తనే తాగాడు. ఆ తర్వాత పెళ్ళి మాట ఎవరెత్తినా పని ఉందనేవాడు.

నెబ్రాస్కాలో ఆ చుట్టుపక్కల కారణం లేకుండా ఎవరూ ఎవరికీ ఫోను చెయ్యరు. వాన ఒక కారణం. వాన లేకపోతే కారణం లేదు. కిందటి ఎండాకాలం ముప్పై ఎనిమిది రోజులు చుక్క రాలలేదు. ఊరంతా మొక్కజొన్న కోసం ఆకాశం వంక చూస్తే, ఎల్డన్ ఫోను కోసం చూశాడు. ధాన్యం గోదాము నడిపే లైల్ ఇది పసిగట్టాడు.

"ఏరా, ఇవాళ మబ్బు పట్టిందని మొహం వెలిగిపోతోంది, పైరు కోసమా, ఫోను కోసమా?" అన్నాడు, నలుగురూ వినేలా.

"పైరు కోసమే."

"నీకు పైరెక్కడిదిరా? పొలం కౌలుకిచ్చి ఆరేళ్ళయింది!"

గోదాములో నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది.

ఆ ఏడు కోతల కాలమంతా వానలే. మొక్కజొన్న డిసెంబరు దాకా చేలోనే నిలబడింది. నేల తాగగలిగినంతా తాగింది. ఆ తడి దిగకముందే జనవరి చలి పట్టుకుంది. పైన మంచు దుప్పటైనా లేని ఉత్త నేల మీద పడిన చలి. మూడడుగుల లోతు దాకా బిగుసుకుపోయింది. తర్వాత మొదలైంది మంచు. కురిసింది కరగలేదు, దాని మీద ఇంకోటి కురిసింది. నది మీద మంచుగడ్డ మూరెడు మందాన పేరుకుంది.

ఫిబ్రవరిలో పంతొమ్మిది రోజులు మంచు పడింది. పంతొమ్మిది ఫోన్లు. ఎల్డన్‌కి అంత మంచి నెల ఊహ తెలిశాక లేదు. ఆ సంబరంలో ఆ మంచంతా ఒకనాటికి ఎటు పోతుందన్నది ఆలోచించలేదు.

మార్చి రెండో వారం, మంగళవారం. బుధవారం వెచ్చటి వాన, గురువారం మంచు తుఫాను అని రేడియో చెప్పింది. రాత్రి కాస్త మంచు రాలింది కాబట్టి ఆ పొద్దున ఆర్డిస్ ఫోను చేసింది, కానీ లెక్క అడిగాక పెట్టెయ్యలేదు.

"ఎల్డన్, ఒకటి అడగనా? నలభై రెండు ఆవులు. సగం ఈనాయి, సగం ఇవాళో రేపో. ఉత్తరం గాలి గంటకి అరవై మైళ్ళ మీద కొడుతుందంటున్నారు. కొట్టం చాలదు. ఎక్కడ పెట్టను?"

మూడేళ్ళలో ఆమె వాన గురించి కాకుండా ఇంకో మాట అడగడం అదే మొదలు. ఆ సంతోషంలో ఎల్డన్ మరో ఆలోచన చెయ్యలేదు.

"తోపులోకి దించెయ్. నది పక్క కాటన్‌వుడ్ తోపు. పల్లం, గాలి తగలదు. వారెన్ కూడా అక్కడికే దించేవాడు కదా."

నిజానికి ఆ జిల్లాలో ఎవరినడిగినా అదే చెప్పేవాళ్ళు. ఈనే ఆవుకి గాలి కంటే పెద్ద శత్రువు లేదక్కడ. మార్చిలో నది గడ్డకట్టి ఉంటుంది కాబట్టి నీళ్ళ సంగతి ఎవరూ తలవరు.

బుధవారం తెల్లవారేసరికి వాన మొదలైంది. మార్చిలో పడాల్సిన వాన కాదది, వెచ్చగా, జూన్ వానలా ఉంది. వారానికోసారి నేల మీద మంచులో ఎంత నీరుందో కూడా కొలవాలి. ఎల్డన్ గొట్టాన్ని గుంజ నుంచి ఊడదీసి, మంచులోకి తలకిందులుగా దించి, ఆ ముద్దని ఇంట్లోకి తెచ్చి, పొయ్యి పక్కన కరగబెట్టి, కొలబద్ద పెట్టాడు.

నాలుగు అంగుళాలకి ఒక గీత తక్కువ.

మంచులో ఎప్పుడూ ఇంత నీరు లేదు. ఇంకోచోట తీసి మళ్ళీ కరగబెట్టాడు. అదే లెక్క. గునపం తీసుకెళ్ళి, మంచు తీసిన చోట నేల మీద పొడిచాడు. రైలు పట్టా మీద కొట్టినట్టు ఖంగుమని, గునపం ఎగిరి చేతులు జివ్వుమన్నాయి.

నేల చుక్క తాగదు. మంచులో నాలుగు అంగుళాలు, మబ్బులో ఇంకో రెండు. నది నెత్తి మీద మూరెడు గడ్డ. ఇన్ని నీళ్ళూ ఇవాళే ఎటో ఒకటు వెళ్ళాలి. అతని కళ్ళ ముందు కాటన్‌వుడ్ తోపు కనబడింది.

ఆర్డిస్ సెల్‌కి మూడుసార్లు చేస్తే ఎత్తలేదు. నాలుగోసారి రొప్పుతూ ఎత్తింది. "తోపులో ఉన్నా. ఒకటి అడ్డం తిరిగింది, దూడని లాగుతున్నా. ఎంత పడింది?"

"పడింది కాదు. ఆవుల్ని పైకి తోలు. చర్చి గుట్ట మీదకి. ఇప్పుడే."

"నిన్ననే కదా కిందకి దించమన్నావ్?"

"తప్పు చెప్పాను."



"నువ్వు తప్పు చెప్పడం నేనెప్పుడూ వినలేదు," అంది.

"ఇప్పుడు విను. నది పగులుతుంది, ఆర్డిస్. మధ్యాహ్నం దాకా కూడా ఆగదు."

"రేపటి గాలికి గుట్ట మీద దూడలు చస్తాయి."

"కొన్ని చస్తాయి. కింద ఒక్కటీ మిగలదు."

"చర్చి హాల్లో దూడల్ని కడితే పాదిరి ఏమంటాడో!"

"ఆదివారం వచ్చేవాళ్ళ కంటే ఎక్కువమందే వచ్చారని సంతోషిస్తాడు."

ఆమె నవ్వలేదు. "వారెన్ సమాధి తొక్కేస్తాయి."

"ఆవులేగా. ఏమీ అనుకోడు. నేనొస్తున్నా."

వంతెన దగ్గర నారింజ రంగు చొక్కా వేసుకుని రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాడు లైల్. ఆపద వస్తే ఊళ్ళో అగ్నిమాపకం పని కూడా అతనిదే.

"వెనక్కి తిప్పరా."

"దాటాలి."

"దాటి? ఎంత పడిందని అడగడానికా?"

ఎల్డన్ ఇంజను ఆపలేదు. లైల్ అతని మొహం చూసి, కిటికీ మీద నుంచి చెయ్యి తీశాడు. "కింద చూడు," అన్నాడు మెల్లగా. ఎగువన విడిపోయి వచ్చిన లారీ అంతేసి గడ్డలు వంతెన కాళ్ళకి కొట్టుకుంటుంటే, ఆ దెబ్బ బండి చక్రాల్లోంచి ఎల్డన్ వెన్ను దాకా వచ్చింది. లైల్ తన బండిలోంచి దుర్భిణి తెచ్చి అతని ఒళ్ళో పడేశాడు. "ఇంత మాత్రమే చెయ్యగలను నేను."

దుర్భిణిలో అవతలి ఒడ్డు. గుట్ట ఎక్కుతున్న నల్లటి వరస. వెనక ఆర్డిస్ ఎర్ర టోపీ. ఒకసారి వరసకి ఈ పక్క, ఒకసారి ఆ పక్క, ఒకసారి భుజాన దూడ. ఎల్డన్ లెక్కపెట్టాడు. ముప్పై తొమ్మిది. నలభై. చాలాసేపటికి నలభై ఒకటి. అడ్డం తిరిగిన దూడ తల్లి కాబోలు, చివరిది నడవలేక నడుస్తోంది. నలభై రెండు. ఎర్ర టోపీ గుట్ట మీద ఆగి ఇటు తిరిగింది. చెయ్యెత్తింది. మొహం మీద వాన తుడుచుకుందో, ఊపిందో తెలియలేదు. ఎల్డన్ బండిలో కూర్చునే చెయ్యెత్తాడు. ఆమెకి కనబడదని తెలుసు.

పదకొండింటికి నది మొత్తం పిడుగు పడ్డట్టు పగిలింది. గడ్డలు వంతెన కింద ఇరుక్కున్నాయి, వాటి మీద ఇంకొన్ని ఎక్కాయి, నీళ్ళు తోపులోకి మళ్ళాయి. తర్వాత వంతెన నడుము కూడా వెళ్ళిపోయింది. మర్నాడు తుఫాను. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. ఎల్డన్ ఇంటి మూడో మెట్టు దాకా నీళ్ళొచ్చి ఆగాయి.

ఆదివారం ఆకాశం కడిగినట్టుంది. అలవాటు కొద్దీ ఏడింటికి కొలబద్ద పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. గొట్టం లేదు. గుంజ లేదు. కంచే లేదు. బురదలో కొలబద్దతో నిలబడ్డాడు కాసేపు.

లోపలికొచ్చి ఫోను ఎత్తి చూస్తే, లైను వచ్చింది. పెట్టేశాడు. వాన లేదు, మంచు లేదు, లెక్క లేదు. ఏడుంబావయింది. ఏడున్నరయింది. కాఫీ చల్లారింది. డ్యాన్సు హాల్లో రెండు గ్లాసులూ తనే తాగిన రాత్రి గుర్తొచ్చి, ఫోను ఎత్తి ఆర్డిస్ నంబరు నొక్కాడు.

మొదటి రింగుకే ఎత్తింది.

"ఎంత పడింది?"

"తెలీదు. గొట్టం పోయింది."

"అయ్యో. మరెందుకు చేశావ్?"

"ఊరికే."

అవతల ఎక్కడో దూడ అరిచింది.

"వంటింట్లో రెండున్నాయి," అంది. "మూడు పోయాయి ఎల్డన్, గాలికి."

"నేను ముందే చూసి ఉంటే..."

"తోపులో ఒక్క చెట్టు లేదు. గడ్డలు ఇంటి కప్పంత ఎత్తు. ఇక ఆ మాట ఎత్తకు." మళ్ళీ తనే, "వంతెన రెండేళ్ళకి గాని కట్టరంట."

"అంట."

"ఎగువ వంతెన రోడ్డు రేపో ఎల్లుండో తెరుస్తారంట. కానీ చుట్టు. అరవై మైళ్ళు ఉండదూ?"

"డెబ్భై మూడు," అన్నాడు ఎల్డన్. "మ్యాపు మీద కొలిచాను. రెండుసార్లు."

ఫోను పెట్టేసిన చప్పుడు కోసం అలవాటుగా ఎదురుచూశాడతను. చాలాసేపు చూశాడు. అది రాలేదు.