కోసిఫోస్ మీసాలు

ఇంగ్లీషువాళ్ల మీద పోరాటం మొదలైనప్పుడు, సైప్రస్‌లోని ఆ ఊరి జనాభా మూడు వందలు. యాభై ఏళ్లు గడిచేసరికి ఆ ఊరి పోరాటవీరులు నాలుగు వందలు దాటారు. అప్పటికి పుట్టనివాళ్లు కూడా తుపాకీ పట్టారన్నమాట.

అందరిలోకీ గొప్పవాడు కోసిఫోస్. అంటే నల్లపిట్ట. అది రహస్య చీటీలు మోసిన మనిషి మారుపేరు. అసలు మనిషెవరో ఎవరికీ తెలియదు. వాళ్ల భాషలో అది మగపేరు కాబట్టి, కూడలిలో పెట్టిన రాతి బొమ్మకు గుబురు మీసాలు చెక్కించారు.

ఆ కోసిఫోస్ నిజానికి మిరోఫోరా అనే అమ్మాయి. అప్పుడామెకు పద్నాలుగేళ్లు. చేమదుంపల బుట్ట అడుగున చీటీలు పెట్టుకుని సైనికుల ముందునుంచే వెళ్లేది. ఒకసారి బుట్టలో చెయ్యి పెట్టి వెతికిన సైనికుడు పొద్దుగూకేదాకా గోక్కున్నాడు. మళ్లీ ఎవడూ ఆ బుట్ట జోలికి రాలేదు. ఎవరికీ చెప్పనని చర్చిలో ఒట్టు పెట్టుకున్న పాపానికి ఆమె నోరు విప్పలేదు. ఏటా ఏప్రిల్ ఒకటిన, పోరాటం మొదలైన రోజని ఊరు చేసుకునే పండగ పూట, తన బొమ్మను తనే కడుగుతూ వచ్చింది.

ఈ ఏడు ఊరి పెద్ద సోఫ్రోనిస్, కోసిఫోస్ తన తండ్రేనని తేల్చేశాడు. పేరు చెక్కడానికి శిల్పిని కూడా పిలిపించాడు. ఆ తండ్రిగారు పోరాటం జరిగినన్నాళ్లూ ఇంగ్లీషు క్యాంపులో చొక్కాలు ఇస్త్రీ చేశాడు. మిరోఫోరాకు ఒళ్లు మండింది. పండగ విందుకు చేమదుంపలు చెక్కు తీస్తున్నదల్లా లేచి, ముఖ్య అతిథిగా వచ్చిన మంత్రిగారి ముందే మైకు అందుకుంది.

"కోసిఫోస్ నేనే."

సోఫ్రోనిస్ పకపకా నవ్వాడు. "ఇవాళ ఏప్రిల్ ఒకటి కదండీ. మా పెద్దమ్మ మనందరినీ ఫూల్ చేస్తోంది."

కూడలంతా నవ్వింది. మంత్రిగారు చప్పట్లు కూడా కొట్టారు.

"నిజమేరా."

"చాల్లే పెద్దమ్మా. చచ్చిపోయిన మా నాన్నే ఏమీ అనడం లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? వెళ్లి దుంపల పని చూసుకో. ఆ, ఈ పూలదండ రిబ్బను ఊడింది, కాస్త కట్టిపెట్టు."

దురద మాట వినగానే ఆమె దండ అందుకుంది. దుంపల జిగురు చేతులతోనే రిబ్బను ముడి వేసి, దాన్ని ఆ కొస నుంచి ఈ కొసదాకా శ్రద్ధగా నిమిరి ఇచ్చింది.

సోఫ్రోనిస్, మంత్రిగారు రిబ్బను చెరో కొస పట్టుకుని దండను బొమ్మ ముందు పెట్టారు. జాతీయగీతం సగంలో ఉండగానే ఇద్దరూ అరచేతులు గోక్కోవడం మొదలుపెట్టారు.

నాడు ఆ సైనికుడి గోకుడు కళ్లారా చూసిన ముసలి హంబిస్ వాళ్లిద్దరినీ చూశాడు. మిరోఫోరా చేతులు చూశాడు. టోపీ తీసి ఆమెకు తల వంచాడు. తర్వాత శిల్పి వైపు తిరిగాడు.

"అబ్బాయ్, పేరు సంగతి తర్వాత. మీసాలు తీసెయ్యడం వచ్చా నీకు?"